మామూలు వేలు

ముందు తెర దొరికింది.
కాశీబుగ్గలో పాత ఇనుము కొట్టు,
ఎవరి పిల్లాడో విసిరికొట్టిన ట్యాబ్.
ఒక మూల చిట్లి, మిగతాదంతా బతికే ఉంది.
తవిటయ్య నూట ఇరవై అన్నాడు, ఎనభైకి ఇచ్చాడు.
అగ్గిపెట్టెంత బోర్డు మాత్రం కొత్తది, పార్సిల్లో వచ్చింది,
సెల్ రిపేరు కొట్లో నా నెలన్నర జీతం మింగి.
బ్యాటరీ ఒక ఉబ్బిన పవర్ బ్యాంకులో మిగిలిన మంచి సగం.
వీపుకి జీడిపప్పు డబ్బా రేకు.
పది కిలోల డబ్బాని కత్తెరతో కోస్తుంటే
అంచు ముందు నా బొటనవేలినే రుచి చూసింది.

రేకు మూసేసరికి సిగ్నల్ చచ్చిపోయింది.
రేకులో కూర్చున్నదానికి బయటి లోకం వినపడదని
పాలిటెక్నిక్‌లో చెప్పే ఉంటారు,
ఆవేళ నాకు టెక్కలి బస్సు తప్పిపోయుంటుంది.
మళ్ళీ విప్పాను. రేకుకి చిన్న కిటికీ కోసి
సైకిల్ ట్యూబు ముక్క అంటించాను.

వెలిగింది రాత్రి పదకొండున్నరకి.
నల్లటి తెర మీద తెల్లటి అక్షరాలు
గోనె మూతి విప్పితే పిక్కలు జారినట్టు జారాయి.
మధ్య మధ్య ఎవరెవరివో పేర్లు,
నోరు తిరగని ఊళ్ళవాళ్ళు,
రాసిపెట్టి, పైసా అడక్కుండా వెళ్ళిపోయినవాళ్ళు.
తెలుగు మాత్రం ఖాళీ గళ్ళుగా వచ్చింది,
ఎవరూ అద్దెకి దిగని గదుల వరసలా.
ఫాంటు ఎక్కించాక
గుణింతాలు ఒక్కొక్కటే సామాన్లతో దిగాయి.

ఇదంతా దాలమ్మత్త కోసం.
ఇరవైరెండేళ్ళుగా పిక్క కొడుతోంది.
రోజుకెన్ని కిలోల పప్పు తీసిందో
ఇంటి గోడ మీద బొగ్గుగీతలు చెబుతాయి.
షావుకారి పుస్తకం ఇంకేదో చెబుతుంది.
వానలకి గోడ చెమ్మెక్కి గీతలు కారిపోతే
పుస్తకమే నిజమైపోతుంది.
"తడవని గోడొకటి సెయ్యే" అంది ఒకసారి,
నవ్వులాటకే.

తెర నిండా ఒకటే బొత్తాం. నొక్కితే ఒక కిలో.
అత్త నొక్కింది. ఏమీ కాలేదు.
ఆముదం తుడుచుకుని నొక్కింది.
చీరకి రుద్దుకుని, నోటితో ఊదుకుని నొక్కింది.
నేను నొక్కితే పలికింది.
"ఇదీ ఆ రేషను మిషను లాటిదేనేటే?
నా ఏలు ఏలు కాదంతాదా?"

జీడిసొన తిన్న వేళ్ళవి.
గీతలు ఎప్పుడో పోయాయి.
తోలు మీద తోలు, దాని మీద నలుపు.
వేడి టీ గ్లాసుని
గుడ్డ లేకుండా పట్టుకోగలవు,
తడి అద్దాన్ని మాత్రం ఒప్పించలేవు.

కొన్న ట్యాబ్ అయితే అక్కడితో సరి.
దీనికి తాళం లేదు. లోపలికి వెళ్ళాను.
ఫైలు వెనక ఫైలు, మూడో రాత్రికి దొరికింది ఆ వరస:
మామూలు వేలు, డెబ్బై.
పక్కనే రాసినవాడి మాట,
"ఈ అంకె ఎందుకో నాకూ సరిగ్గా తెలీదు,
నా బల్ల మీద పనిచేస్తోంది."
నవ్వొచ్చింది. అబద్ధమాడని మనిషి.
అతని వేలు ఎలా ఉంటుందో అనుకున్నాను,
గోరు చుట్టూ మెత్తగా, సబ్బు వాసనతో.
అతని తప్పేముంది,
ఎవరికైనా తన వేలే మామూలు వేలు.

డెబ్బై కొట్టేసి ముప్పై పెట్టాను. చాల్లేదు.
పద్దెనిమిది.
కింద నా మాటా ఒకటి రాశాను, తెలుగులోనే,
"పలాసలో పిక్క కొట్టే వేలు ఇంత."
ఎవరికైనా పనికొస్తుందని
తీసుకున్న చోటే తిరిగి పెట్టాను.

అత్త నొక్కింది. ఒకటి.
మళ్ళీ నొక్కింది, ఉత్తినే. రెండు.
"ఒగ్గీయే, దొంగ లెక్కైపోతాది" అంటూనే మూడు.

ఇప్పుడొక చిక్కు.
తెర మరీ చెవొగ్గి వింటోంది,
ఈగ వాలినా కిలో పడుతోంది.
సరిచెయ్యబోతే అత్త నా చెయ్యి పట్టుకుంది.
"ఉండనీయే.
ఆ కిలో షావుకారి తాసులో పోయిందే."